ఒక కాగితపు ముక్క, గుప్పెడు పిన్నీసులు

ఆ కుర్రాడికి పన్నెండో పదమూడో ఏళ్ళుంటాయి. నల్ల టోపీ పెట్టుకుని సూటిగా మన కళ్ళలోకి చూస్తుంటాడు. పెదాలు బిగించాడు, కనుబొమలు ముడిపడ్డాయి. కోపమో, భయమో, ఏడుపు ఆపుకుంటున్నాడో తేల్చుకోలేం. టోపీ మీద చిన్న కాగితపు ముక్క ఉంది. వార్తాపత్రికలోంచి చింపిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట: ‘కిల్లర్’. హంతకుడు అని. 1985 మార్చిలో లండన్ పత్రిక ‘ది ఫేస్’ ముఖచిత్రం ఇది. కుర్రాడు ఫీలిక్స్ హోవార్డ్, ఫోటో తీసింది జేమీ మోర్గన్. కుర్రాణ్ణి అలా తయారుచేసి నిలబెట్టింది రే పెట్రీ అనే స్టైలిస్టు.

దీని పక్కన జూడీ బ్లేమ్ చేసిన మెడ దండ ఒకటి పెట్టి చూడాలి. బ్లేమ్ కూడా లండన్ స్టైలిస్టే, అదే కాలం వాడే. ఆయన దండల్లో పిన్నీసులు ఉంటాయి, చొక్కా గుండీలు ఉంటాయి, తుప్పు పట్టిన తాళంచెవులు, నాణేలు, పురికొస, ఈకలు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి వచ్చి పడినట్టు కనిపిస్తాయి కానీ ఏదీ జారిపోదు. అది ఎవరి మెడలో ఉంటే వాళ్ళ ముఖం కంటే ముందు మన చూపు అక్కడికే పోతుంది.

ఈ ఇద్దరి గురించీ రాసేవాళ్ళు సాధారణంగా ఇద్దరినీ ఒకే గాటన కడతారు. ఒకే ఊరు, ఒకే దశాబ్దం, అవే పత్రికలు, సగానికి సగం స్నేహితులు కూడా వాళ్ళే. పైసా విలువ చేయని వస్తువుతో ఫ్యాషన్ ఫోటోను మార్చేసినవాళ్ళని ఇద్దరినీ కలిపి పొగుడుతారు. ఆ పొగడ్తకు ఇద్దరూ అర్హులే. కాకపోతే అలా కలిపేయడంలో అసలు సంగతి కప్పబడిపోతోందని నా అభిప్రాయం. పెట్రీ కాగితం ముక్క కెమెరా కోసం పుట్టింది. బ్లేమ్ దండ ఒంటి కోసం పుట్టింది. ఈ తేడా పట్టుకుంటే వాళ్ళ ఫోటోలు వేరుగా కనిపిస్తాయి, ఇంట్లో చేసే అలంకరణ వస్తువుల మీద మన ఆలోచనా కొంత మారుతుంది.

ముందు ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. నిక్ లోగన్ ‘ది ఫేస్’ను, టెర్రీ జోన్స్ ‘ఐ-డి’ని మొదలుపెట్టింది 1980లోనే. 1982 జనవరికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. లండన్‌లో కుర్రాళ్ళు ఖాళీగా పడున్న ఇళ్ళలో దూరి కాపురం పెట్టారు, ప్రభుత్వం ఇచ్చే నిరుద్యోగ భృతి మీద బతికారు. ఆ పత్రికల దగ్గరా డబ్బు లేదు. షూటింగుకి కావలసిన బట్టలు సైన్యం వదిలించుకున్న సరుకు అమ్మే కొట్లలోంచి, పాతబట్టల సంతల్లోంచి, స్నేహితుల బీరువాల్లోంచి రావాలి. మిగిలింది చేత్తో చేసుకోవాలి. పంక్ సంగీతపు రోజులు అప్పటికింకా పాతబడలేదు. చెవికి పిన్నీసు గుచ్చుకుని తిరిగిన తరం పెద్దదై కెమెరాల వెనక్కి చేరుతున్న సమయం అది.

పెట్రీ 1948లో స్కాట్లాండ్‌లోని డండీలో పుట్టాడు. కుర్రతనంలో కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళి, తర్వాత లండన్ చేరాడు. 1989లో, చిన్న వయసులోనే, ఎయిడ్స్‌తో పోయాడు. ఇవాళ మనం ఆయన పేరు చెప్పుకుంటున్న పనంతా అయిదారేళ్ళలో చేసిందే. చుట్టూ చేరిన గుంపుకు ‘బఫెలో’ అని పేరు. మనకు ఆ మాట వింటే గేదె గుర్తొస్తుంది. వాళ్ళలో అది ఒక నిలబడే తీరుకు పేరు: భయం లేకుండా, ఎవరి మెప్పూ అడగకుండా నిలబడటం. ఫోటోగ్రాఫర్లు జేమీ మోర్గన్, రోజర్ చారిటీ, మార్క్ లెబన్, స్టైలిస్టు మిట్జీ లొరెంజ్, బర్మా మూలాలున్న కుటుంబం నుంచి వచ్చిన నిక్ కేమన్, బ్యారీ కేమన్ అన్నదమ్ములు అందులో వాళ్ళే.

పెట్రీ పని ముఖంతో మొదలయ్యేది. బట్టలు ఆ తర్వాత. వీధిలో, క్లబ్బులో, స్నేహితుల ఇంట్లో ఒక ముఖం నచ్చితే ఆ ముఖానికి ఏం కావాలో ఆలోచించేవాడు. నల్లజాతి కుర్రాళ్ళు, మిశ్రమ సంతతి కుర్రాళ్ళు అప్పటి మగవాళ్ళ ఫ్యాషన్ పేజీల్లో అరుదు. వాళ్ళను తెచ్చి రాజుల్లా నిలబెట్టాడు. అమెరికా వైమానిక దళం వాడిన ఎంఏ-1 నైలాన్ జాకెట్టు, డాక్ మార్టెన్స్ బూట్లు, లీవైస్ జీన్సు, ఆటల దుస్తులు, మంచి కుట్టున్న సూటు, వీటన్నిటినీ ఒకే మనిషి మీద కలిపాడు. మగవాళ్ళకు స్కర్టులు వేశాడు. అయినా ఆ ఫోటోల్లో ఎవరూ వేషం కట్టినట్టు ఉండరు. వాళ్ళు రోజూ అలాగే తిరుగుతారేమో అనిపిస్తుంది. ఎక్కువ భాగం ఫోటోల్లో వెనక ఖాళీ గోడ తప్ప ఏమీ ఉండదు. చూపు పక్కకు పోవడానికి చోటు లేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ ముఖచిత్రానికి వద్దాం. ఒక చిన్న పరీక్ష చేయండి. బొటనవేలుతో ఆ ‘కిల్లర్’ ముక్కను మూసి చూడండి. నేను చాలాసార్లు చేశాను. వేలు పెట్టగానే ఆ కుర్రాడు అందమైన, ముభావంగా ఉన్న పిల్లాడు అయిపోతాడు. ఎవరో బలవంతాన ఫోటోకు నిలబెట్టారని విసుక్కుంటున్న పిల్లాడిలా ఉంటాడు. వేలు తీస్తే అదే ముడిపడ్డ కనుబొమ బెదిరింపు అవుతుంది. ఆ వెంటనే, బెదిరించేది ఇంత చిన్నవాడా అని మనసు కలుక్కుమంటుంది. ముఖం మారలేదు, వెలుగు మారలేదు. బొటనవేలంత కాగితం ఆ చూపుకు అర్థం తెచ్చిపెట్టింది. ఆ రోజు ఆ పేజీ బదులు ఇంకో పేజీ చింపి ఉంటే ఇంకో మాట దొరికేది, ఇంకో ఫోటో అయ్యేది.

మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. వేషం, నగ, రంగు ఆహార్యంలోకి వస్తాయి. లోపలి భావం కంట్లో, ముఖంలో తేలడం సాత్త్వికం. మామూలు ఫ్యాషన్ ఫోటోలో ఆహార్యం ఒక్కటే పని చేస్తుంది, మిగతావి దానికి స్టాండులా నిలబడతాయి. పెట్రీ ఆ వరసను తిప్పేశాడు. టోపీ మీద ముక్క ఆహార్యమే కానీ అది పనిచేసేది ఆ పిల్లాడి కంటి కోసం. పైగా అది అక్షరం కనుక, నోరు తెరవని ఫోటోలోకి వాచికం కూడా వచ్చి చేరింది. నగలో ఇంత తక్కువ వస్తువుతో ఇంత ఎక్కువ సాధించిన ఉదాహరణ నాకు ఫ్యాషన్ ఫోటోల్లో ఇంకోటి కనపడలేదు.

మెచ్చుకుంటూనే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఫోటో నన్ను ఇబ్బంది పెడుతుంది. పిల్లాడి నుదుటి పైన హంతకుడు అని రాసి పెట్టి పత్రిక అమ్మడం తేలికైన విషయం కాదు. పేద పేటల కుర్రాళ్ళను చూసి పత్రికలు భయపడుతున్న రోజుల్లో, ఆ పత్రికలు వాడే మాటనే చింపి పిల్లాడి టోపీకి పెట్టి, చూడండి మీ హంతకుడు అని చూపించడం అందులో ఉందని నేను అర్థం చేసుకున్నాను. కానీ ఆ అర్థం అందరికీ అందుతుందన్న హామీ ఆ ఫోటోలో లేదు. కొందరికి అది మొండితనపు సోకుగానే అందుతుంది. మాటను నగ చేసుకున్నప్పుడు ఆ మాట మోసుకొచ్చే బరువు కూడా ఆ స్టైలిస్టు మీదే పడుతుంది.

బ్లేమ్ దారి వేరు. అసలు పేరు క్రిస్టఫర్ బార్న్స్. 1960లో ఇంగ్లండ్‌లోని సరీ ప్రాంతంలో లెదర్‌హెడ్‌లో పుట్టాడు, చిన్నతనం కొంత స్పెయిన్‌లో, కొంత డెవన్‌లో గడిచింది. పదిహేడేళ్ళకు పంక్ పిచ్చితో ఇల్లు వదిలి లండన్ వచ్చాడు. జూడీ ఆడపేరు, బ్లేమ్ అంటే నింద. ఆ రెండూ కలిపిన పేరుతోనే జీవితమంతా బతికాడు. క్లబ్బులకు వెళ్ళడానికి నగలు కావాలి, కొనడానికి డబ్బు లేదు. అందుకని చేసుకోవడం మొదలుపెట్టాడు. థేమ్స్ నది పోటు తీసిన వేళ ఒడ్డు బురద బయటపడుతుంది. అందులో వందల ఏళ్ళ నాటి మట్టి పొగాకు గొట్టాల ముక్కలు, ఎముకలు, మేకులు, నాణేలు దొరుకుతాయి. బ్లేమ్ ఆ బురదలో వెతికి తెచ్చిన సరుకును దండల్లో గుచ్చాడు.

1980ల నడుమ తూర్పు లండన్‌లోని డాల్‌స్టన్‌లో చెప్పులు చేసే జాన్ మూర్ ‘హౌస్ ఆఫ్ బ్యూటీ అండ్ కల్చర్’ అనే కొట్టు తెరిచాడు. బ్లేమ్ అందులో చేరాడు. అక్కడే క్రిస్టఫర్ నెమెత్ తపాలా శాఖ సంచుల గుడ్డతో కోట్లు కుట్టాడు. ఆ సంచుల మీది అక్షరాలు కోటు మీద అలాగే కనిపించేవి. ఆ గుంపులో ఒకరు కుట్టు, ఒకరు తోలు, ఒకరు కుర్చీలు బల్లలు, బ్లేమ్ నగలు. ముడిసరుకు మాత్రం అందరికీ ఊరు పారేసిందే.

పిన్నీసుల దండ ఎలా నిలుస్తుందో తెలుసుకోవాలని నేనే ఒకటి చేసి చూశాను. పిన్నీసును దగ్గరగా చూస్తే ఒక చివర రేకు తల ఉంటుంది, ఇంకో చివర తీగ ఒక సుడి తిరిగి చిన్న కన్నం ఏర్పడుతుంది. ఆ సుడే దానికి స్ప్రింగు. 1849లో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ పేటెంటు తీసుకుని 400 డాలర్లకు అమ్మేసిన ఉపాయం అదే. ఆ సుడి కన్నంలోంచి సన్నని తీగ పోనిచ్చి రెండు డజన్ల పిన్నీసులు గుచ్చాను. బల్ల మీద పరిస్తే దువ్వెన పళ్ళలా వరసగా పడుకున్నాయి. మెడలో వేసుకుంటే అన్నీ కిందికి జారి ఒక ముద్ద అయ్యాయి. విప్పి, ప్రతి రెండు పిన్నీసుల మధ్య ఒక గాజుపూస వేశాను. ఈసారి విసనకర్రలా విచ్చుకున్నాయి. నడిమధ్యలో పాత బీరువా తాళంచెవి తగిలించగానే తీగ గుండ్రం పోయి మూపురం తిరగేసినట్టు కోసుగా దిగింది. పక్కల ఉన్న పిన్నీసులు రెండేసి భుజాల వైపు ఎక్కి తిరగబడ్డాయి. ఆ బరువు సరిచేయడానికి అటొకటి ఇటొకటి పెద్ద కోటు గుండీలు కట్టాల్సి వచ్చింది. సాయంత్రం మొదలుపెట్టిన పని, భోజనాల వేళయినా తెమలలేదు.

ఆ సాయంత్రం తర్వాత బ్లేమ్ నగల ఫోటోలు నాకు వేరేగా కనిపించాయి. అంతకు ముందు వాటిని చిత్తశుద్ధి ఉన్న గందరగోళం అనుకునేవాణ్ణి. ఇప్పుడు బరువు లెక్క కనిపిస్తోంది. ఎడమన ఈకల గుత్తి ఉంటే కుడిన నాణెం ఎందుకుందో, గుండీలు కిందికి పోతూ ఎందుకు పెద్దవయ్యాయో తెలుస్తోంది. ఒక్క వస్తువు తీస్తే మిగిలినవన్నీ కదులుతాయి. ఇది కంటితో చేసిన పని కాదు, మెడ మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చేసిన పని. నా దండ మెడకు చల్లగా తగిలింది, నడిస్తే గలగలలాడింది. ఆ చల్లదనం, ఆ చప్పుడు ఏ ఫోటోలోనూ రావు.

బొటనవేలు పరీక్ష ఇక్కడా చేయండి. బ్లేమ్ అలంకరించిన ఫోటోలో నగను మూస్తే మనిషి మిగులుతుంది, ఫోటో బోసిపోతుంది, అంతే. కానీ నగను ఫోటోలోంచి తీసి బల్ల మీద పెట్టండి, దాని బతుకు దానికి ఉంటుంది. పెట్రీ కాగితాన్ని టోపీ నుంచి తీసి బల్ల మీద పెడితే అది చిత్తుకాగితం. ఈ తేడా వల్లే 2016లో లండన్‌లోని ఐసీఏ గ్యాలరీ ‘నెవర్ అగెయిన్’ పేరుతో బ్లేమ్ పని అంతా ప్రదర్శనకు పెట్టగలిగింది. దండలు, టోపీలు, గుండీల పని అద్దాల వెనక పెట్టారు. పెట్రీ పనిని చూడాలంటే 2000లో మిత్రులు తెచ్చిన ‘బఫెలో’ పుస్తకం లాంటివే దిక్కు. ఆయన పని అంతా కాగితం మీద, ఎవరో తీసిన ఫోటోలోనే ఉంది.

గుండీల గురించి ఒక మాట. లండన్‌లో నిలువెల్లా ముత్యపుచిప్ప గుండీలు కుట్టిన సూట్లు వేసుకుని చందాలు వసూలు చేసి దానధర్మాలకిచ్చే ‘పర్లీ కింగ్స్’ సంప్రదాయం ఉంది. వీధులు ఊడ్చే హెన్రీ క్రాఫ్ట్ అనే అనాథ 19వ శతాబ్దం చివర దాన్ని మొదలుపెట్టాడు. బ్లేమ్ టోపీల మీది గుండీలు చూస్తే ఆ వీధి ఊడ్చేవాడి వారసత్వమే కనిపిస్తుంది. మనకైతే లంబాడీ ఆడవాళ్ళ రవికల మీది అద్దాలు, గవ్వలు, నాణేలు గుర్తు రాకుండా ఉండవు. పోలిక అక్కడితో ఆగాలి. తండాలో ఏ నగ ఎక్కడ ఉండాలో, ఏది పెళ్ళయిన మనిషి పెట్టుకోవాలో ఒక కట్టుబాటు ఉంది. ఆ నగ మనిషి ఎవరో చెబుతుంది. బ్లేమ్ నగ ఎవరో చెప్పదు. అది ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో చెబుతుంది. మా అమ్మ గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడేవి, కొంగుకు ఒకటి, అవసరానికి మిగిలినవి. ఆవిడ దాన్ని నగ అనుకోలేదు. బ్లేమ్ దండలను నేను అంత తొందరగా నా వాటిగా చేసుకోవడానికి ఆ గాజులే కారణం అనుకుంటాను.

పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి రాస్తూ నగలనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఒక చోటి నగ ఇంకో చోట పెట్టుకుంటే నవ్వులపాలవుతామన్నది ఆయన వాదం. ఇద్దరు స్టైలిస్టులూ ఆ గీత దాటినవాళ్ళే. కానీ దాటిన తీరు వేరు. తాళంచెవి ఉండాల్సింది జేబులో, పిన్నీసు గుడ్డ మడతలో. బ్లేమ్ వాటిని తెచ్చి మెడలో వేసి, ఇంత పనితనంతో కూర్చాక ఇక్కడ ఎందుకు ఉండకూడదు అని మనల్నే అడుగుతాడు. పనితనమే అక్కడ ఔచిత్యం. పెట్రీ వాదించడు. ఆ ముఖానికి ఆ ముక్క అతికిపోయింది, చూసినవాడికి ఇక ప్రశ్న రాదు.

ఇద్దరి దారులూ ఒకచోట కలిశాయి. 1988 చివర్లో నెనే చెర్రీ పాడిన ‘బఫెలో స్టాన్స్’ వచ్చింది. పేరులోనే పెట్రీ గుంపు ఉంది. ఆ పాట మొదటి రూపం చేసింది ‘మోర్గన్-మెక్‌వే’ జోడీ. అందులో మోర్గన్ అంటే ‘కిల్లర్’ ఫోటో తీసిన జేమీ మోర్గనే. కామెరన్ మెక్‌వే తర్వాత నెనే చెర్రీ భర్త అయ్యాడు. ఆమెను ఆ రోజుల్లో అలంకరించింది బ్లేమ్. పాట బ్రిటన్ జాబితాలో 3వ స్థానానికి వెళ్ళింది. టీవీలో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమానికి ఆమె నెలలు నిండుతున్న గర్భంతో, బిగుతైన పొట్టి స్కర్టులో వచ్చి ఆడిపాడింది. కడుపు దాచే బట్ట ఒక్కటి లేదు. నిలబడిన తీరులో పెట్రీ ఉన్నాడు: ఇది నేను, ఇలాగే చూడండి అన్న నిలుపు. ఒంటి మీద బరువైన పెద్ద నగలో, మెరుపులో బ్లేమ్ ఉన్నాడు. గర్భిణిని ఎలా చూపాలన్న పాత మర్యాదను ఆ ఒక్క ప్రదర్శన పక్కకు నెట్టింది. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ పని చేయగలిగేవారు కాదని నా నమ్మకం.

ఇంకో ఫోటో నా వాదానికి కొంచెం అడ్డు తగులుతుంది, అందుకే చెప్పి తీరాలి. 1993లో వచ్చిన గాయని బ్యోర్క్ ఆల్బం ‘డెబ్యూ’ అట్ట. ఫోటో జాన్ బాప్టిస్ట్ మొండీనోది, స్టైలింగు బ్లేమ్‌ది. బూడిద రంగు ఉన్ని స్వెట్టరు, ముఖం ముందు కలిపిన రెండు అరచేతులు, కళ్ళ కింద చిన్న మెరుపు చుక్కలు. ఇంకేమీ లేదు. దండ లేదు, గుండీ లేదు, గొలుసు లేదు. కన్నీటి చుక్క నిలిచిపోయినట్టున్న ఆ మెరుపును వేలితో మూస్తే ఫోటో సగం పోతుంది. అంటే పెట్రీ పద్ధతి బ్లేమ్‌కు తెలియక కాదు. కెమెరాకు ఏం చాలునో ఆయనకు బాగా తెలుసు. పోగులు పోగులుగా వేయడం ఆయన ఎంచుకున్న దారి.

పోగేయడంలో ఆయన తప్పులూ ఉన్నాయి. కొన్ని ఫోటోల్లో టోపీ, దండ, బెల్టు, చొక్కా మీద బ్యాడ్జీలు అన్నీ ఒకేసారి గొంతెత్తుతాయి, ఎవరి మాటా వినపడదు. లోపల ఉన్న మనిషి హ్యాంగరు అయిపోతాడు. పెట్రీ ఫోటోలో మనిషి ఎప్పుడూ హ్యాంగరు కాలేదు.

1989 ఆ గుంపును చీల్చేసిన ఏడు. పెట్రీ పోయాడు, జాన్ మూర్ పోయాడు. ఎయిడ్స్ లండన్, పారిస్, న్యూయార్క్ స్టూడియోల్లో ఒక తరాన్నే తీసుకుపోయింది. పెట్రీకి ఇంకో పదేళ్ళు ఇచ్చి ఉంటే ఏం చేసేవాడో అన్న బాధ ఆ ‘బఫెలో’ పేజీలు తిప్పుతున్నప్పుడల్లా కలుగుతుంది. ఆయన తొడిగిన ఎంఏ-1 జాకెట్టు మాత్రం ఊరూరా వీధుల్లోకి వెళ్ళిపోయింది. వేసుకున్నవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలీదు.

బ్లేమ్ 2018 ఫిబ్రవరి వరకు ఉన్నాడు. ఈలోగా పిన్నీసు ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పాలి. 1994లో నటి ఎలిజబెత్ హర్లీ వేసుకున్న వెర్సాచీ నల్ల గౌనును పక్కల్లో పట్టి ఉంచింది పెద్ద పెద్ద బంగారు రంగు పిన్నీసులే. లోకమంతా ఆ గౌను గురించి మాట్లాడింది. అందులో పిన్నీసు రూపం మాత్రమే మిగిలింది. పది పైసల వస్తువును పదిమంది చూసేలా తిప్పిన చేతి తెలివి అందులో లేదు. ఆ రోజుల లండన్ బట్టలను ప్రాణంగా పోగుచేసే డిజైనరు కిమ్ జోన్స్ ఆ తప్పు చేయలేదని అనుకుంటాను. లూయీ వ్యూటన్‌లో ఉండగా 2015లో నెమెత్‌కు నివాళిగా చేసిన దుస్తులకు నగలు బ్లేమ్ చేతే చేయించాడు. డియోర్‌కు వెళ్ళాక 2020 జనవరిలో పారిస్‌లో మగవాళ్ళ దుస్తుల ప్రదర్శన మొత్తం బ్లేమ్ పేర అంకితం చేశాడు. పిన్నీసులు మళ్ళీ వచ్చాయి, ఈసారి మేలిమి పనివాళ్ళ చేతుల్లోంచి. అప్పటికి బ్లేమ్ పోయి రెండేళ్ళు కావస్తోంది.

నా తీర్పు చెప్పి ముగిస్తాను. ఫోటో షూటును కళగా తూచితే పెట్రీ పైవాడు. ఒక్క కాగితంతో ఒక ముఖాన్ని అంత దూరం తీసుకెళ్ళిన వాళ్ళు ఆయనకు ముందూ లేరు, తర్వాతా లేరు. అయినా నేను ఎక్కువగా రుణపడింది బ్లేమ్‌కు. పెట్రీ పని చూసి ఆ ముఖాన్ని ఎంచిన కన్ను నాకెలా వస్తుంది అని కూర్చుండిపోయాను. బ్లేమ్ పని చూసి లేచి, కిరాణా కొట్టుకు వెళ్ళి పిన్నీసుల పాకెట్టు తెచ్చుకున్నాను. ఆ దండ ఇప్పుడు మా ఇంటి మేకుకు వేలాడుతోంది. నడిమధ్యలో తాళంచెవి ఇంకా కొంచెం ఎడమకే ఒరుగుతోంది, కుడి పక్కన ఇంకో గుండీ కట్టాలి.